‘ప్రే అపాన్’ అనే మాటను మరియమ్మకు చదివి వినిపించిన రోజు

కోర్టు ఉద్యోగంలో చేరబోయే కుర్రవాళ్ళు నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే. ఇంగ్లీషు ఎంత రావాలి? నా జవాబు వాళ్ళకు నచ్చదు. ఇంగ్లీషు నేర్చుకోవచ్చు, గ్రంథాలయాలున్నాయి. ఎదుటి మనిషి తెలుగు వినడం నేర్చుకోవడమే కష్టం. దానికి గ్రంథాలయం లేదు.

పల్నాటిలోని ఒక తాలూకా మేజిస్ట్రేటు కోర్టులో నేను బెంచి గుమాస్తాగా పనిచేశాను. ఏ ఊరో చెప్పను. అప్పటివాళ్ళ పిల్లలు ఇంకా ఆ చుట్టుపక్కలే ఉన్నారు. ఎప్పుడంటే, నాగార్జునసాగర్ దగ్గర ఆనకట్ట లేస్తూ మాచర్ల బస్సులన్నీ సిమెంటు దుమ్ముతో వచ్చే రోజుల్లో.

పని ఏమిటి

సాక్షి తెలుగులో చెబుతాడు. మేజిస్ట్రేటు తెలుగువాడే, తెలుగులో విని ఇంగ్లీషులో రాసుకుంటాడు. ప్లీడర్లూ తెలుగువాళ్ళే, ఇంగ్లీషులో పోట్లాడుకుంటారు. అదంతా అయ్యాక ఆ ఇంగ్లీషు వాఙ్మూలాన్ని నేను తిరిగి తెలుగు చేసి, ముద్దాయి ఎదుట, సాక్షికి చదివి వినిపించాలి. సరే అంటే వేలిముద్ర. ప్రతి వాఙ్మూలం అడుగునా ఒకే వాక్యం: ‘చదివి వినిపించగా సరియని ఒప్పుకొన్నాడు’.

ఆ వాక్యానికి మా దగ్గర రబ్బరు ముద్ర ఉండేది. ముద్ర ఉన్న పనిని మనుషులు చెయ్యడం మానేస్తారు, ముద్రే చేస్తుంది. మా శిరస్తదారు, అంటే ఆఫీసుకు పెద్ద గుమాస్తా, నాకు మొదటి వారంలో నేర్పిన చదువు ఇది: “నువ్వు చెప్పిందే రాశాంరా అబ్బాయ్ అని ఓ మాట అను. వేలు పట్టుకో. సిరా అద్దు. వరండాలో ఇంకో పాతికమంది ఉన్నారు, సాయంత్రం బస్సు పోతే నీ ఇంటో పడుకోబెడతావా వాళ్ళని?”

ఆయన చెడ్డవాడు కాడు. సాక్షులకు బస్సు తప్పిపోతుందని నిజంగానే బాధపడేవాడు. వేసవిలో వరండాలో కుండ పెట్టించి నీళ్ళు తనే పోసేవాడు. అయితే మంచివాడి తొందరకూ చెడ్డవాడి తొందరకూ కాగితం మీద తేడా కనపడదు.

ఊఁ కొట్టడం

మన దగ్గర ఒక మర్యాద ఉంది. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యమధ్య ఊఁ కొట్టాలి. కథ చెప్పే అమ్మమ్మకైనా, పొలం కబురు చెప్పే పక్క రైతుకైనా ఊఁ కొట్టకపోతే ‘వింటున్నావా, లేదా?’ అని కోపం వస్తుంది. ఆ ఊఁకు అర్థం ‘మీ మాట నా చెవిన పడుతున్నది’ అని మాత్రమే. నువ్వు చెప్పింది నిజమని కాదు.

కోర్టులో దాన్ని ‘ఔను’ అని రాసేవారు.

ఒక గట్టు తగాదాలో ముప్పాళ్ళ వైపు నుంచి వచ్చిన ముసలి రైతును ప్లీడరు గారు చాలాసేపు అడిగారు. అడగడం అంటే ఆయనే చెప్పుకుపోవడం. గట్టు ఎక్కడుందో, తుమ్మచెట్టు ఎవరిదో, అరక ఎవరు తోలారో ఆయనే చెబుతున్నాడు. రైతు చేతులు కట్టుకుని ఊఁ, ఊఁ అంటున్నాడు. చివర ప్లీడరు అదే గొంతుతో, “కాబట్టి నువ్వు చెప్పిందంతా అబద్ధం” అన్నాడు. రైతు “ఊఁ” అన్నాడు. హాలంతా నవ్వింది. అందరూ నవ్వుతున్నారు గదా అని రైతు కూడా నవ్వాడు. సాక్షి తన అబద్ధాన్ని ఒప్పుకున్నట్టు రికార్డు అయింది. ఆ గట్టు ఇవాళ్టికీ అవతలివాళ్ళదే.

ఈ పనిలో నేను చూసిన పొరపాట్లన్నిటిలోకి పెద్దది ఇదే. దీన్ని చేసినవాళ్ళు ఇంగ్లీషు రానివాళ్ళు కారు. ఇంట్లో తామూ ఊఁ కొట్టేవాళ్ళే. కోటు వేసుకోగానే దాని అర్థం మరిచిపోయారు.

గ్రంథాలయంలో ఒక మాట

నా చదువు ఎస్సెల్సీతో ఆగింది. ఆపైన చదివిందంతా నరసరావుపేట శాఖా గ్రంథాలయంలో. సెలవు వస్తే బస్సెక్కి వెళ్ళేవాణ్ణి. అక్కడ కిటికీ దగ్గర బల్ల మీద పెద్ద ఇంగ్లీషు నిఘంటువు ఉండేది. ఇంటికి ఇచ్చేవారు కాదు. కాబట్టి కోర్టులో తగిలిన కష్టమైన మాటలన్నీ మనసులో మూటగట్టుకుని వెళ్ళి ఆ బల్ల ముందు విప్పేవాణ్ణి. గ్రంథాలయాధికారి నన్ను చూడగానే కిటికీ రెక్క తెరిచేవాడు. డిగ్రీ ఉన్నవాళ్ళ పక్కన కూర్చున్నప్పుడు నాకు ఏనాడూ చిన్నతనం అనిపించలేదంటే ఆ కిటికీయే కారణం.

అలా విప్పి చూసిన మాటల్లో ఒకటి ‘ప్రే అపాన్’. ప్రార్థన అనే ‘ప్రే’ కాదిది, ఎర అనే అర్థమున్న వేరే మాట. ‘ప్రే ఆన్’ అన్నా అదే. పోలీసు రిపోర్టుల్లో తరచు కనిపించేది. మా ఆఫీసులో దాన్ని ‘ఇబ్బంది పెట్టడం’ అని తెలుగు చేసేవారు. నిఘంటువు చూస్తే ఆ తెలుగు ఎంత తేలికో తెలిసింది.

మొదటి వాడుక జంతువులది. గద్ద కోడిపిల్లల మీద, తోడేలు మేకల మీద, చిరుత ఊరకుక్కల మీద. ఇది వేటాడటం కాదు. రాజు వేటకు వెళతాడు, జింకను కొడతాడు, ఇంటికొచ్చి పప్పన్నం తింటాడు. రాజు జింకల మీద ‘ప్రే’ చేస్తున్నాడని ఇంగ్లీషువాడు అనడు. తోడేలుకు మేక సరదా కాదు, బతుకుతెరువు. అది ఒకసారి చేసిన పనిని చెప్పే మాట కాదు, బతికే తీరును చెప్పే మాట. ఇంకొకటి, తినబడేది తినేదానికంటే బలహీనంగా ఉండాలి. తోడేలు పులి మీద బతకలేదు.

రెండో వాడుక మనుషులది. తిరనాళ్ళకు వచ్చిన అమాయకుల మీద, చదువురాని వాళ్ళ మీద, దిక్కులేని వాళ్ళ మీద పడి బతికే మోసగాళ్ళకు వాడతారు. ఇక్కడ కూడా అలవాటుగా చేసేదే, బలహీనుణ్ణి ఏరుకుని చేసేదే. ఒకసారి జేబు కొట్టినవాడు దొంగ. ‘ప్రే’ చేసేవాడు అంతకంటే పెద్ద పేరు మోస్తాడు.

మూడోది దిగులు. ఏదో దిగులు మనసును లోపల్నుంచి తొలుస్తూ ఉంటే ఇంగ్లీషులో ఇదే మాట వాడతారు. ఈ మూడో వాడుక కోర్టులో నాకు ఎన్నడూ అక్కరకు రాలేదు. ఎవరి మనసును ఏది తొలుస్తున్నదో కోర్టు అడగదు.

తెలుగులో దీనికి సరిపోయే మాట కోసం ఆ బల్ల దగ్గర చాలాసేపు వెతికాను. బయటికి వచ్చి బస్టాండులో నిలబడితే, సీటు కోసం తగవులాడుకుంటున్న ఇద్దరు ఆడవాళ్ళ నోట దొరికింది. “నీ కొడుకులు నిన్ను పీక్కుతింటన్నారు, నువ్వొచ్చి నన్ను పీక్కుతింటన్నావు!” పీక్కుతినడం. గద్ద ఎలా తింటుందో అలాగే. నిఘంటువు ఇచ్చిన మూడు వాడుకల్లో మొదటి రెంటికీ అది చాలు.

నాగయ్య కేసు

ఆ ఏడు కొత్త మేజిస్ట్రేటు వచ్చాడు. సన్నని గొంతు, నోట్లో ఎప్పుడూ లవంగం. మొదటి రోజే రబ్బరు ముద్ర చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి నాతో అన్నాడు: “గుమాస్తా గారూ, దీని కింద సంతకం నాది. జరగని పని కింద నేను సంతకం పెట్టను. పూర్తిగా చదవండి. తెలుగులో, మెల్లగా.” శిరస్తదారు బస్సుల సంగతి ఎత్తాడు. “పొద్దున అరగంట ముందు కూర్చుందాం” అన్నాడాయన. అలాగే కూర్చున్నాం. నేను ఎవరి దగ్గర పనిచేశానో ఆ అధికారుల్లో పెద్దపెద్ద తీర్పులు రాసినవాళ్ళున్నారు. నాకు గుర్తున్నది ఈ అరగంట.

అప్పుడు వచ్చింది నాగయ్య మీద సత్ప్రవర్తన కేసు. నేరం చేశాడని పెట్టే కేసు కాదిది. ఫలానావాడు అలవాటుపడ్డ దొంగ, ఊరికి బెడద అని పోలీసులు చెబుతారు. ఊరివాళ్ళు వచ్చి ఔనంటారు. కోర్టు నమ్మితే, బుద్ధిగా ఉంటానని జామీను అడుగుతుంది. జామీను ఉండే మనిషి దొరక్కపోతే జైలు. నాగయ్యలాంటి వాడికి జామీను ఎవరుంటారు? కాబట్టి సాక్షులు ‘ఔను’ అన్న క్షణంలోనే జైలు ఖాయమైనట్టు.

నాగయ్య నాపరాళ్ళ గనిలో రాళ్ళు కొట్టే కూలీ. వెనక ఒకసారి మేకపిల్లను దొంగిలించి శిక్ష పడి వచ్చాడు. అతనికి భార్య, నడక రాని పిల్ల. ఇద్దరూ వరండాలో స్తంభానికి ఆనుకుని కూర్చున్నారు.

పోలీసు రిపోర్టులో మొదటి వాక్యమే ఇది: ఇతను ఊళ్ళోని బీదల మీద ‘ప్రే’ చేస్తాడు. కేసు నడిపే ఇన్‌స్పెక్టరు దాన్నే తెలుగులో ప్రశ్నగా మార్చి ప్రతి సాక్షినీ అడిగాడు. మేజిస్ట్రేటు ఇంగ్లీషు రాతలోనూ రిపోర్టులోని ఆ ‘ప్రే’ మాటే పడింది. సాక్షులు ముగ్గురు. ఊరి మునసబు, ఒక కిరాణా కొట్టు యజమాని, మేకలు కాసుకునే మరియమ్మ.

మునసబుకు చదివి వినిపించాను. “ఇతను ఊళ్ళో బీదసాదల్ని పీక్కుతిని బతుకుతున్నాడు” అనగానే, “అద్గదీ! సరైన మాట ఏశారండీ” అని సంతకం గీశాడు. కొట్టు యజమాని ఆ వాక్యం దగ్గర ఒకసారి మునసబు వైపు చూసి, “ఆఁ, అంతేనండీ” అని నేల చూశాడు. చదివి వినిపిస్తే నిజం బయటపడి తీరుతుందని నేననను. రెండుసార్లు పడలేదు.

మరియమ్మ యాభై దాటిన మనిషి. మెడలో నల్లదారానికి చిన్న సిలువ. దేవుని ఎదుట ప్రమాణం చేసి ఇన్‌స్పెక్టరు అడిగినంతసేపూ నిలబడింది. ఆమె నోటి నుంచి వచ్చినవి చాలావరకు ఊఁలే. ఆయన అడగడం వేగంగా అడిగాడు, మేజిస్ట్రేటు రాయడమూ వేగంగానే రాశాడు. తరవాత కాగితాలు నా చేతికి వచ్చాయి.

“ముద్దాయి నాగయ్యను నేనెరుగుదును” అని చదివాను.

“ఊఁ.”

“అతని ఇల్లు మా ఇంటి వెనక వీధిలో ఉన్నది.”

“ఊఁ.”

“అతను ఊళ్ళో బీదసాదల్ని పీక్కుతిని బతుకుతున్నాడు.”

ఊఁ రాలేదు. తల ఎత్తి చూశాను.

“ఎవురయ్యా పీక్కుతినేది?” అంది.

“నాగయ్య.”

“ఎవురు జెప్పారు?”

“నువ్వే చెప్పావమ్మా, ఇందాక.”

“నేనా! నా నోట్లో పుట్టలేదయ్యా ఆ మాట.” ఇన్‌స్పెక్టరు వైపు చెయ్యి చూపించింది. “ఆ అయ్య జెప్పుకుంటా పోతన్నాడు, నేను వింటన్నా. అంత పెద్దమడిసి మాట్టాడతంటే ఊఁ అనకుండా నాపరాయి లెక్క నిలబడితే బాగుంటదా?”

హాలు నవ్వింది. ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. “ఏమే ముసలమ్మా, ఇందాకొక మాట, ఇప్పుడొక మాటా? ఎవరు నేర్పారే నీకు?”

“నేర్పితే ముందే నేర్చుకునొద్దును గదయ్యా, ఇంతసేపు నిలబడే పని తప్పేది.”

మేజిస్ట్రేటు కలం పక్కన పెట్టాడు. “సరే. అయితే నువ్వు చెప్పేదేమిటో నువ్వే చెప్పు. నాగయ్య మంచివాడా?”

“మంచోడని నేనెందుకంటా? దొంగ. మా మేకపిల్లని ఎత్తుకపొయి కోసుకు తిన్నాడు.”

బోనులోంచి నాగయ్య గొణిగాడు. “అత్తా, ఇప్పుడదంతా ఎందుకే?”

“నోరు ముయ్‌రా. అడిగింది జెప్పకపోతే నా నోట్లో ఇంకేందో పెడతారు.” మళ్ళీ మేజిస్ట్రేటు వైపు తిరిగింది. “ఆ యేడు వానల్లేవయ్యా. గని మూసేశారు. ఈడింట్లో పొయ్యి ఎలగలా. అయినా తప్పు తప్పే. నేనే కేసు పెట్టా. జైలుకి పొయ్యొచ్చాడు. నేను మేకలు కాసేదాన్ని, తోడేలు సంగతి నాకు తెలుసు. మంద రుచి మరిగిన తోడేలు ఒక్కదాంతో పోదు. మళ్ళీ వస్తది. కుంటిదేది, ఈనిందేది అని చూసి పట్టుద్ది. ఈడు మళ్ళీ రాలా. నా మంద ఈడింటి ముందరగానే పోద్ది, రోజూ. ఒక్క ఈక కూడా పోలా.”

“మేకకు ఈకలేందే?” అని ఎవరో వెనక నుంచి అన్నారు.

“వెంట్రుక అనుకోరాదా సచ్చినోడా!” అని వెనక్కి తిరక్కుండానే జవాబిచ్చింది. “పీక్కుతినేవోళ్ళు మా ఊళ్ళో లేరని నేననటంలా. చానామంది ఉన్నారు. వాళ్ళ పేర్లు ఈ అయ్య నన్నడగలా.”

మునసబు పైకప్పు దూలాలు చూడటం మొదలుపెట్టాడు.

మేజిస్ట్రేటు ఆ వాక్యాన్ని కొట్టేసి, పక్కన సంతకం చేసి, ఆమె చెప్పింది చెప్పినట్టు మళ్ళీ రాశాడు. ఈసారి ఇంగ్లీషులో ‘ప్రే’ లేదు. ‘ఒకసారి దొంగిలించాడు, ఆ తరవాత లేదు’ అని ఉంది. నేను చదివి వినిపించాను. వేలిముద్ర వేసింది.

జామీను

ఇక్కడితో నాగయ్య ఇంటికి వెళ్ళిపోయాడని మీరు అనుకుంటే కోర్టులు మీకు తెలియవు. పాత శిక్ష ఉంది. ఇద్దరి సాక్ష్యం చెక్కుచెదరలేదు. అందులో ఒకడు ఊరి అధికారి. కేసును పూర్తిగా కొట్టెయ్యడానికి ఆధారం చాలదని మేజిస్ట్రేటు అన్నాడు. పోలీసులు ఏడాదికి అడిగితే ఆరు నెలలకు తగ్గించి, సొంత ఊరివాడే ఒకడు చిన్న మొత్తానికి జామీను ఉంటే చాలన్నాడు. అప్పుడు నాకది సగం న్యాయంగా తోచింది. ఇప్పుడూ అలాగే తోస్తుంది. రాత వరకు ఆయన తన పని చేశాడు, ఆపై పని ఊరికి వదిలేశాడు.

ఇన్‌స్పెక్టరు నిశ్చింతగా బల్ల మీది టోపీ తీసుకున్నాడు. జామీను దొరకదని ఆయనకు తెలుసు. వరండాలో నాగయ్య భార్య బంట్రోతును అడుగుతోంది, జైలు గుంటూరులోనా, రాజమండ్రిలోనా అని.

మరియమ్మ ఇంకా వెళ్ళలేదు. గుమ్మం దగ్గర నిలబడి నన్ను పిలిచింది.

“అయ్యా, జామీనంటే ఏందది?”

చెప్పాను. నాగయ్య ఆరు నెలలు బుద్ధిగా ఉంటాడని నువ్వు పూచీ పడటం. ఉండకపోతే ఆ సొమ్ము నీ దగ్గర వసూలు చేస్తారు, నీ భూమి మీదికైనా వస్తారు.

“అయితే నేనుంటా.”

ఇన్‌స్పెక్టరు ఆగిపోయాడు. “నీకేమన్నా మతి పోయిందా? ఇప్పుడే గదే దొంగ అన్నావు!”

“అన్నా. ఇప్పుడూ అంటన్నా. దొంగ కాదనుకుని పూచీ పడినోళ్ళు గదయ్యా మోసపోయేది. వాడు దొంగని నాకు తెలుసు. నాకు తెలుసని వాడికీ తెలుసు. ఇంకేంది భయం?”

శిరస్తదారు కళ్ళజోడు పైకి నెట్టాడు. “పూచీకి ఆస్తి ఉండాలమ్మా. నీ పేర ఏముంది?”

“అరెకరం మెట్ట. మా ఆయన పోయినాక నా పేర రాశారు. మేకలు.”

“ఉన్నట్టు మునసబు చెప్పాలి.”

మునసబు బయటికి నడుస్తున్నాడు. మేజిస్ట్రేటు లవంగం దవడ మార్చి, నింపాదిగా పిలిచాడు. “మునసబు గారూ. ఈమెకు భూమి ఉందా?” నిండు కోర్టులో లేదనడానికి అది దాగే వస్తువు కాదు. పన్ను వసూలు చేసేవాడు ఆయనే.

“ఉందండీ” అన్నాడు.

“ఏ మోస్తరుది?”

“రాళ్ళ చేనండీ. అయినా... ఉందండీ.”

జామీను కాగితం రాశారు. నాగయ్య బోను దిగి వచ్చి ఆమెకు రెండడుగుల దూరంలో తల వంచుకుని నిలబడ్డాడు. ఏదో అనబోయాడు. ఆమె, “ఏడవబాకరా, కాయితం చదవనీ ఆ అయ్యని” అంది.

చదవడం మొదలుపెట్టాను. శిరస్తదారు గడియారం చూడలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని తనూ వినసాగాడు.

“నాగయ్య ఆరు నెలల పాటు సత్ప్రవర్తనతో మెలగుతాడని నేను పూచీ పడుతున్నాను.”

“సత్పర్తన అంటే?”

“దొంగతనం చెయ్యకుండా, ఎవరి జోలికీ పోకుండా ఉండటం.”

“ఔను, పూచీ పడతన్నా. తర్వాత?”

“అతడు తప్పితే ఈ సొమ్ము నేను చెల్లిస్తాను.”

ఆమె నాగయ్యను ఒకసారి పైనుంచి కిందికి చూసింది. “ఔను, చెల్లిత్తా. తర్వాత?”

“చెల్లించలేకపోతే నా భూమిని వేలం వేసి వసూలు చేసుకోవచ్చు.”

 వరండాలో పిల్ల ఏడుస్తున్నది, తల్లి సముదాయిస్తున్నది. ఇన్‌స్పెక్టరు, మునసబు, మేజిస్ట్రేటు, అందరం ఆమె నోటి వంకే చూస్తున్నాం.

“ఔను” అంది మరియమ్మ. “రాసుకో.”

వేలు తనే సిరాలో అద్దింది. కాగితం మొదటి నుంచి చివరి దాకా, ఒక్కసారి కూడా ఊఁ కొట్టలేదు.